అంట్లపొడిలో అగ్నిపర్వతం



వంటింటి గట్టు మీద, పంపు పక్కన, ఏ ఇంట్లోనైనా ఒక డబ్బా వుంటుంది. అందులో తెల్లగానో బూడిదరంగులోనో ఒక పొడి. దాన్ని పీచుకు అద్దుకుని మాడిన పాలగిన్నె అడుగును నాలుగు రుద్దులు రుద్దామంటే గిన్నె తళతళలాడుతుంది. రోజుకు రెండు మూడు సార్లు చేత్తో ముట్టుకునే వస్తువే. అయినా అదేమిటో, ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? బియ్యం ఏ వూరివో అడుగుతాం. మామిడిపళ్ళవాడితో ఇవి నూజివీడు రసాలేనా, అసలు బంగినపల్లేనా అని తగవులాడతాం. అంట్లపొడి ఏ వూరిదని మాత్రం ఎవరమూ అడగం. ఈ వేళ ఆ ప్రశ్నే వేసుకుందాం. జవాబు కోసం మనం ఆ బనగానపల్లె దాకానే వెళ్ళాలి. అక్కడినుంచి సముద్రం దాటి సుమత్రా దీవికి కూడాను!

డబ్బాల పొడులు రాకముందు ఏం వాడేవాళ్ళం? పొయ్యిలో బూడిద, ఊక బూడిద, ఇటుకపొడి, కాలవ ఒడ్డున దొరికే సన్న ఇసుక. ఇత్తడి బిందెలకూ రాగి చెంబులకూ చింతపండు. ఇవన్నీ ఒకే పని చేస్తాయనుకుంటాం గానీ, కాదు. చింతపండులోని పులుపు ఇత్తడి మీద పట్టిన చిలుమును కరిగిస్తుంది. బూడిదలో వుండే క్షారం జిడ్డును పట్టుకుని సబ్బులాగా మారుస్తుంది. ఇసుకా, ఇటుకపొడీ కరిగించవు, మార్చవు. అవి వట్టినే గీకేస్తాయి. ఇప్పటి అంట్లపొడిలో రెండు పనులకు సరిపడా సరుకు వుంటుంది. జిడ్డుకోసం బట్టల సోడా, కాస్త డిటర్జెంటు; గీకడం కోసం ఏదో ఒక రాతిపొడి. డబ్బాలో ఎక్కువ భాగం ఈ రాతిపొడే. మనం డబ్బిచ్చి కొనుక్కునేది చాలావరకూ రాయినేనన్నమాట.

అయితే ఏ రాయి? ఇక్కడే వుంది కిటుకంతా. గీకే వస్తువు మాడుకంటే గట్టిగా వుండాలి, గిన్నెకంటే మెత్తగా వుండాలి. ఎంత గట్టివో కొలవడానికి 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఒకటి నుంచి పది దాకా మెట్లు కట్టాడు. ముఖానికి రాసుకునే పౌడరు రాయి మొదటి మెట్టు, వజ్రం పదో మెట్టు. మన గోరు రెండున్నర. సత్తుగిన్నెలు మూడుకు లోపు. ఇత్తడి, రాగి మూడు దగ్గర. కిటికీ అద్దం అయిదున్నర. ఇసుకలో వుండే పలుగురాయి ఏడు. అంటే ఇసుక పెట్టి తోమితే సత్తుగిన్నే కాదు, స్టీలుగిన్నె కూడా గీతలు పడుతుంది. ఆ గీతల్లోకి మళ్ళీ జిడ్డూ మసీ చేరి, మర్నాడు ఇంకా గట్టిగా తోమవలసి వస్తుంది. అందుకని తయారీదార్లలో చాలామంది సుద్దరాయి, డోలమైటు వంటి మెత్తని రాళ్ళ పొడి కలుపుతారు. ఈ రెండింటికీ మధ్య, అయిదూ ఆరూ మెట్ల దగ్గర, ప్రకృతి తానే కాచి, తానే పిండిచేసి పెట్టిన సరుకు ఒకటి వుంది. అదే అగ్నిపర్వతపు గాజు.

గాజంటే గాజుల కొట్లోనిదే గుర్తుకొస్తుంది మనకు. భూమి కూడా గాజు చేస్తుంది. ఎలాగంటారా? పంచదార పాకం తీసుకోండి. అదే పాకాన్ని నిదానంగా, రోజుల తరబడి చల్లారనిస్తే అంచులు తేలిన పటికబెల్లం ముక్కలు కడుతుంది. ముదురుపాకాన్ని ఒక్కసారిగా పళ్ళెంలో పోసి చల్లార్చేస్తే ఫటుక్కున విరిగే నిగనిగలాడే అచ్చు అవుతుంది. రెండూ పంచదారే. మొదటిదానిలో పంచదార రేణువులు వరసల్లో కుదురుగా సర్దుకోవడానికి వ్యవధి దొరికింది. రెండోదానిలో దొరకలేదు, ఎక్కడివక్కడే బిగుసుకుపోయాయి. పీచుమిఠాయి అయితే మరీ వేగంగా చల్లారిన పాకం. భూమి లోపల కరిగి మరుగుతున్న రాతి పాకమూ అంతే. లోపలే నెమ్మదిగా చల్లారితే గ్రానైటులాగా పలుకులు తేలుతుంది. పైకి చిమ్ముకొచ్చి గబుక్కున చల్లారితే గాజు అవుతుంది. ముద్దగా చల్లారితే నల్లని అబ్సిడియన్ గాజు. నురగగా వున్నప్పుడే బిగుసుకుపోతే, మనం పాదాల పగుళ్ళు రుద్దుకునే, నీళ్ళలో తేలే బొరియల రాయి. ఆ నురగ బుడగలు ఆకాశంలోనే పగిలి తునకలైపోతే అగ్నిపర్వతపు బూడిద. బూడిద అన్న మాటే గానీ అది కాలి మిగిలినది కాదు. సూక్ష్మదర్శినిలో చూస్తే పగిలిన బుడగల గోడలు, వంకర తిరిగిన గాజుపెంకులు కనిపిస్తాయి. రుద్దేకొద్దీ ఆ పెంకులు మళ్ళీ విరిగి కొత్త అంచులు తేలుతుంటాయి. అంట్లపొడికి అంతకంటే ఏం కావాలి?

ఈ సంగతి అమెరికావాళ్ళు ముందే కనిపెట్టారు. నెబ్రాస్కా, కాన్సాస్ మైదానాల్లో దొరికే అగ్నిపర్వతపు బూడిదను ఇరవయ్యో శతాబ్దం మొదటి రోజుల్లో తవ్వి డబ్బాల్లో నింపి అమ్మారు. కాలిఫోర్నియాలో లాస్ట్ చాన్స్ కాన్యన్ అనే లోయలో 'ఓల్డ్ డచ్ క్లెన్సర్' అనే పేరుమోసిన పొడి కోసం 1920లనుంచి 1940ల దాకా ప్రత్యేకంగా గని నడిపారు.

మనకూ ఒక గని లాంటిది వుంది. అది వున్నచోట అగ్నిపర్వతం మాత్రం లేదు. బనగానపల్లె మండలంలో జ్వాలాపురం అని ఒక పల్లె. ఇదివరకు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. యాగంటి వెళ్ళినవాళ్ళు ఆ చుట్టుపక్కలనే తిరిగి వచ్చి వుంటారు. జుర్రేరు అనే చిన్న ఏరు పారే లోయ అది. పేరులో జ్వాల వుంది కదా అని అక్కడేదో కొండ రగిలిందనుకునేరు, అలాంటిదేమీ కాదు. ఆ లోయలో మట్టి తవ్వితే ఒకచోట తెల్లటి బూడిద పొర బయటపడుతుంది. పిండిలా మెత్తగా వుంటుంది. కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా, అంటే మనిషెత్తును మించిన మందం. అగ్నిపర్వతమే పిండికొట్టి పంపించిన సరుకు గనుక దంచే ఖర్చు లేదు. ఆ బూడిదను తవ్వి, శుభ్రం చేసే పొడుల తయారీకి అమ్ముకున్నారు. బళ్ళకెత్తి తీసుకుపోగా, లోయలో గుంటలు మిగిలాయి.

2003 నుంచి ఆ గుంటల దగ్గరకు పరిశోధకులు వచ్చారు. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం నుంచి రవి కోరిశెట్టర్, ఇంగ్లండు నుంచి మైకేల్ పెట్రాగ్లియా, వారి బృందం. తవ్వకందార్లు కోసిన మట్టిగోడల్లో వాళ్ళకు పొరలు స్పష్టంగా కనబడ్డాయి. బూడిదను పరీక్ష చేయిస్తే దాని చిరునామా తెలిసింది. ప్రతి అగ్నిపర్వతపు గాజుకీ దాని రసాయనాల పాళ్ళు వేరుగా వుంటాయి. ఏ ఇంటి ఆవకాయ రుచి ఆ ఇంటిదే అయినట్లు. ఈ గాజు సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతానిది! బంగాళాఖాతం మీదుగా రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో ప్రయాణం చేసి వచ్చిపడింది. ఎప్పుడు? సుమారు 74,000 సంవత్సరాల కిందట.

టోబా పేలుడు ఎంతటిదో చెప్పాలంటే మన కొలతల్లోకి తెచ్చుకోవాలి. అది వెళ్ళగక్కిన రాతిపాకం 2,800 ఘన కిలోమీటర్లని ఒక అంచనా. నాగార్జునసాగర్ కట్టినప్పుడు దాని నిలవ 408 టీయంసీలన్నారు. అంటే పదకొండున్నర ఘన కిలోమీటర్లు. అలాంటి సాగర్లు 240 నిండా నీళ్ళకు బదులు కరిగిన రాయి అనుకోండి. ఆ కొండ వున్నచోట ఇప్పుడు వంద కిలోమీటర్ల పొడుగు, ముప్ఫయి కిలోమీటర్ల వెడల్పు గల సరస్సు వుంది. మన దేశమంతా ఆ బూడిద కురిసింది. మధ్యప్రదేశ్‌లో సోన్ నది లోయలోనూ, ఇంకా అనేకచోట్ల ఏటిగట్లలోనూ, సముద్రపు అడుగునా దొరికింది. కురిసింది కొద్ది సెంటీమీటర్లే. ఆ తర్వాత వానలకు కొండవాలు మీదిదంతా కొట్టుకొచ్చి పల్లంలో చేరింది. డాబా మీద పడిన దుమ్ము మొదటి వానకు తూము దగ్గర మేటవేసినట్లే. జ్వాలాపురం అలాంటి తూము.

ఇక అసలు విషయం. ఆ బూడిద పొరకు కిందా, పైనా కూడా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయి. 2007లో ఈ సంగతి 'సైన్స్' పత్రికలో అచ్చయినప్పుడు ప్రపంచమంతా చెవులు నిక్కించి విన్నది. ఎందుకంటే టోబా పేలుడుతో సూర్యకాంతి తగ్గి, భూమి చల్లబడి, మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని అంతకు ముందు గట్టిగా వాదించినవాళ్ళున్నారు. జుర్రేరు లోయలో బూడిద పడకముందు ఎలాంటి పనిముట్లు వాడారో, పడిన తర్వాతా అలాంటివే వాడారు. అంటే ఆ కష్టాన్ని గడిచి బతికినవాళ్ళున్నారన్నమాట. వాళ్ళు మనలాంటి మనుషులేనా, వేరే తెగా అన్నది ఇప్పటికీ తేలలేదు. వాదన నడుస్తూనే వుంది. ఏ ఎముకా దొరకలేదు గనుక పనిముట్లే సాక్ష్యం, పనిముట్లకు బూడిద పొరే గడియారం. కింద వున్నది ముందుది, పైన వున్నది తరువాతది. మధ్యలో పొరను బళ్ళకెత్తేస్తే ముందూ వెనకా కలిసిపోయి వట్టి రాళ్ళగుట్ట మిగులుతుంది.

ఇందులో పల్లెవాళ్ళను ఆడిపోసుకోవడానికి నాకు మనసొప్పదు. పొలంలో అన్నం పెట్టని తెల్లమట్టికి ఎవరో డబ్బిస్తామంటే ఎవరైనా అమ్ముతారు. తవ్వకం జరగకపోతే ఆ గోడలు కనిపించేవీ కావు, అదీ నిజమే. కానీ 74,000 ఏళ్ళు భద్రంగా వున్న లెక్క పుస్తకాన్ని మాడిన పాలగిన్నెలు తోమడానికి చింపడం మాత్రం నాకు చాలా ఖరీదైన పనిగా కనిపిస్తుంది. గిన్నెలు తోమడానికి వేరే పొడులు వెయ్యి వున్నాయి. ఆ లెక్క చెప్పే పొరకు బదులు ఇంకోటి లేదు.

సరే, ఇది బూడిదగా పడిన గాజు కథ. ముద్దగా చల్లారిన గాజుకు ఇంకో జాతకం వుంది. అబ్సిడియన్ గాజు లక్షల ఏళ్ళు నేలలో వుండగా వుండగా వాననీరూ ఊటనీరూ దానిలోకి కొద్దికొద్దిగా ఇంకుతాయి. నూటికి రెండు నుంచి అయిదు పాళ్ళ దాకా నీరు రాతిలో కలిసిపోతుంది. తడిగా వుండదు సుమండీ, ముట్టుకుంటే పొడి రాయే. ఉల్లిపొరల్లాంటి సన్నని పగుళ్ళతో, ముత్యం మెరుపుతో వుంటుంది. అందుకే ముత్యం పేరుమీదుగా దానికి పెర్లైట్ అని పేరు వచ్చింది.

తొలి ఏకాదశికి పేలపిండి కొడతాం. జొన్నలో మొక్కజొన్నలో వేడి ఇసుకలో పోస్తే పేలతాయి. ఎందుకు పేలతాయి? గింజలోపల చిక్కుకున్న కాస్త తేమ ఆవిరై, బయటికి దారిలేక, మెత్తబడిన పిండిని ఒక్కసారిగా ఉబ్బిస్తుంది. పెర్లైట్‌నూ అచ్చం ఇలాగే పేలుస్తారు! రాయిని తవ్వి, నలగ్గొట్టి, ఆరబెట్టి, జల్లెళ్ళతో సైజులు వేరుచేస్తారు. తర్వాత నిలువు కొలిమిలో, సుమారు 850, 900 డిగ్రీల మంట మీదికి వదులుతారు. ఆ వేడికి గాజు మెత్తబడుతుంది, లోపలి నీరు ఆవిరవుతుంది, క్షణాల్లో పలుకు నాలుగింతలనుంచి ఇరవై ఇంతల దాకా పొంగుతుంది. నల్లగానో బూడిదగానో వున్న రాయి తెల్లగా, మరమరాలకంటే తేలిగ్గా తయారై, మంటతోపాటే పైకి లేస్తుంది. పైన దాన్ని గాలినుంచి విడదీసి సంచుల్లో పడతారు. పేలాల్లాగే దీనికీ పాకం కుదరాలి. నీరు మరీ ఎక్కువైతే పలుకు పొంగకుండా చిట్లిపోతుంది, అందుకని ముందు కాస్త వేడిచేసి నీటిని సరిచేస్తారు. తక్కువైతే పొంగనే పొంగదు, వేయించిన మూకుట్లో అడుగున మిగిలే గట్టిగింజ అవుతుంది.

ఘనమీటరు ముడిరాయి టన్ను దాకా తూగితే, పొంగినది ముప్ఫయి కిలోలనుంచి నూటయాభై కిలోలు తూగుతుంది. మరమరాలు లారీకెత్తితే లారీడు గాలి మోసినట్లే కదా. అందుకే ముడిరాయినే ఓడల్లో తెచ్చుకుని, వాడే వూరికి దగ్గరలో పేల్చుకుంటారు. టర్కీ, చైనా, గ్రీసు, అమెరికా పెద్ద ఉత్పత్తిదార్లు. గ్రీసులో మీలోస్ అనే చిన్న దీవి వుంది. పదివేల ఏళ్ళకు ముందే అక్కడి నల్లగాజును పడవల్లో తీసుకుపోయి కత్తులు చేసుకున్నారు. ఇప్పుడు అదే దీవినుంచి పెర్లైట్ ఓడలకెక్కుతోంది. మన దేశంలో గుజరాత్‌లో పాటన్‌వావ్ దగ్గర ఓషం కొండలో ఈ రాయి వుంది గానీ, వాడకంలో చాలా భాగం బయటినుంచి రావలసిందే.

మన దగ్గరెందుకు లేదు? రాజమండ్రి పక్కన కాతేరులోనూ, గోదావరికి ఇవతల పంగిడిలోనూ నల్లటి లావా పొరలున్నాయి, ఆ రాయి కంకరగా మన రోడ్ల మీదికే వస్తుంది కదా అనవచ్చు. అది వేరే రకం లావా, పల్చగా పారేది. పెర్లైట్‌కు చిక్కటి, జిగటపాకం లావా కావాలి. పైగా అది ఆరు కోట్ల ఏళ్ళు దాటిన పాతది. గాజుకు అంత ఆయుష్షు లేదు. పాత పాకం అచ్చు మెత్తబడి పంచదార తేలినట్లు, గాజు కూడా కాలం గడిస్తే మెల్లగా పలుకులు కట్టో, బంకమట్టిగా మారో పోతుంది. ఇక మన బెజవాడ కొండలంటారా, అవి భూమి అడుగున ఉడికి పైకి వచ్చినవి. వాటిలో గాజుకు తావే లేదు.

లేకపోయినా, ఆ రాయి మనకు తెలియకుండా మన ఇంట్లోకి వస్తూనే వుంటుంది. నూనె శుద్ధిచేసే చోట, పంచదార పాకాన్ని, పళ్ళరసాన్ని, మందులను వడగట్టేచోట పొంగిన పెర్లైట్‌ను మళ్ళీ నలిపి వడపోత బట్టలమీద పొరగా పరుస్తారు. పగిలిన బుడగల పెంకులు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి, వాటి సందుల్లోంచి ద్రవం దిగుతుంది, మడ్డి పైన నిలిచిపోతుంది. గుడ్డతో మాత్రమే వడకడితే క్షణంలో పూడుకుపోయేది, ఈ పొర వుంటే గంటల తరబడి దిగుతుంది. పొర అక్కడే వుండిపోతుంది, నూనెలోకి రాదు.

ఇంకో చోటు చెబితే ఆశ్చర్యపోతారు. పెద్దాసుపత్రుల ఆవరణలో తెల్లని నిలువు ట్యాంకులు చూసే వుంటారు. 2021 ఏప్రిల్, మే నెలల్లో వాటి గురించి వినని ఇల్లు లేదు. ఎవరి ఇంట్లోనో ఒకరికి ఊపిరి ఆ ట్యాంకుమీద ఆధారపడ్డ రోజులవి. వాటిలో ఆక్సిజన్ ద్రవరూపంలో వుంటుంది. సున్నాకు 183 డిగ్రీలు దిగువన గాని అది ద్రవంగా నిలవదు. బయట మన రోహిణీ కార్తె ఎండ 45 డిగ్రీలు! మధ్యలో అడ్డు ఏమిటి? ఒక ట్యాంకు లోపల ఇంకో ట్యాంకు. రెంటి మధ్య ఖాళీలో గాలి తీసేసి, సాధారణంగా పెర్లైట్ పొడి నింపుతారు. ఫ్లాస్కులో రెండు గోడల మధ్య ఖాళీ వున్నట్లే. గాజు బుడగలు వేడిని సాగనివ్వవు, అంత చలికీ పాడవవు, అన్నిటికంటే ముఖ్యం, నిప్పంటుకోవు. ఆక్సిజన్ పక్కన దూదో ఊకో నింపితే ఏమవుతుందో ఊహించుకోండి.

వేడిని ఆపుతుందంటే మనకు వెంటనే డాబా గుర్తుకొస్తుంది. మేడమీద గదుల్లో కాపురముండేవాళ్ళకు బెజవాడ మే నెల సంగతి చెప్పాలా? వదులుగా పోసిన పెర్లైట్‌లోంచి కాంక్రీటులో పారే వేడిలో సుమారు ముప్ఫయ్యో వంతే పారుతుంది. సిమెంటులో కలిపి పూస్తే ఆ గుణం బాగా తగ్గుతుంది గానీ మామూలు సిమెంటుకంటే నయమే. బరువూ తక్కువ. అయితే దాని మీద నీరు దిగకుండా పైపూత గట్టిగా వుండాలి, తడిస్తే గుణం పోతుంది. ఇదంతా ఖర్చుతో కూడిన పని. నన్నడిగితే ముందు డాబాకు తెల్లసున్నం కొట్టించి చూడండి. ఎండ లోపలికి దిగకుండా ఆపడంకంటే పైనుంచే తిప్పికొట్టడం చవక.

మిద్దెతోట వేసేవాళ్ళకు మాత్రం పెర్లైట్ నిజంగా పనికొస్తుంది. మన నల్లరేగడి కుండీలో పోస్తే తడికి బంకలా ముద్దవుతుంది, ఎండకు పగుళ్ళిస్తుంది, వేళ్ళకు ఊపిరాడదు. పైగా బరువు. తడిసిన మట్టి ఘనమీటరు ఒకటిన్నర టన్నుల పైమాటే. అడుగు లోతున మట్టి పోసి మడి కడితే చదరపు మీటరుకు అరటన్ను దాకా డాబా మీద పెట్టినట్లు. పాత మిద్దెల మీద ఇది ఆలోచించవలసిన సంగతి. మట్టి తగ్గించి కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు, నాలుగో వంతో అయిదో వంతో పెర్లైట్ కలిపితే బరువు సగానికి దిగుతుంది, మొక్కకు గాలీ తడీ రెండూ అందుతాయి. అందులో ఎరువు సత్తువ మాత్రం ఏమీ లేదు, అది వట్టి రాయి. మొదట్లో నీళ్ళు పోసినప్పుడు తెల్లపలుకులు పైకి తేలితే కంగారుపడకండి, దాని తేలికదనం అది.

మొక్కల దుకాణాల్లో దీని పక్కనే బంగారు గోధుమరంగు రేకుల్లాంటిది, వర్మిక్యులైట్ అని ఇంకోటి అమ్ముతారు. అదీ వేడికి పొంగేదే గానీ గాజు కాదు, అభ్రకం చుట్టం. మన నెల్లూరు అభ్రకపు నేలల్లోనే దొరుకుతుంది. అమెరికాలో మొంటానా రాష్ట్రం లిబ్బీ అనే వూళ్ళో తవ్విన వర్మిక్యులైట్‌లో ఆస్‌బెస్టాస్ కలిసివుండి వందలాది మంది ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. ఆ గని 1990లో మూతపడింది. అన్ని గనులూ అలాంటివని కాదు. ఏ గని సరుకో అడిగి కొనడం మాత్రం మంచిది.

మన డెల్టాకు సొంతమైన గాజు కూడా వుందంటే నమ్ముతారా? అది ఊక బూడిదే. వరి నేలలోంచి ఇసుక సారాన్ని నీటితోపాటు పీల్చి గింజ పైపొట్టులో దాచుకుంటుంది. ఊక కాలిస్తే అయిదో వంతు బూడిద మిగులుతుంది. అందులో నూటికి ఎనభై అయిదు తొంభై పాళ్ళు ఆ సారమే. నిదానంగా, తక్కువ వేడిలో కాలితే అది పలుకులు కట్టకుండా గాజులాగే వుంటుంది. ఉక్కు ఫ్యాక్టరీల్లో కరిగిన ఉక్కు చల్లారకుండా పైన దుప్పటిలా కప్పడానికి పెర్లైట్ వాడతారు, ఊక బూడిదా వాడతారు. మన అమ్మమ్మలు ఏ శాస్త్రమూ చదవకుండానే జ్వాలాపురం జోలికి పోకుండా అదే జాతి సరుకుతో అంట్లు తోముకున్నారు. ఇప్పుడు మళ్ళీ బూడిద మూట తెచ్చుకోమంటే మీరు నన్ను తిడతారు, నాకు తెలుసు. పంపుల గొట్టాల్లో పూడుకుపోతుంది కూడాను. తామ్రం, ఇత్తడి సామాను కాస్త వున్నవాళ్ళు పండుగలప్పుడు వాడి చూడవచ్చు.

ఏ పొడి వాడినా కొన్ని సంగతులు గమనించండి. డబ్బాలో పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తే మెత్తగా వుందో, ఇసుకలా కరకరలాడుతోందో తెలుస్తుంది. కరకరలాడేది కొత్త స్టీలుకూ, సత్తుకూ పనికిరాదు. అద్దాలు, గాజుగ్లాసులు, నల్లపూత పెనాలు, స్టవ్వు గాజుపలక, వీటికి ఏ రాతిపొడీ తగలనివ్వకండి. మీ ఇంట్లో అంట్లు తోమే మనిషికి మెత్తని పొడి ఇవ్వండి. గోళ్ళ మొదళ్ళు ఒరుసుకుపోయేది ఆమెకే.

దుమ్ము గురించి ఒక మాట. పలుగురాయి దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకు సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. రాళ్ళు పిండిచేసే చోట పనిచేసేవాళ్ళ కష్టం అది. గాజు దుమ్ము అంత ప్రమాదం కాదు గానీ కళ్ళకూ ముక్కుకూ మంచిది కాదు. పెర్లైట్ సంచి విప్పేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, చంటిపిల్లలను దూరంగా వుంచి, సంచిలోనే ముందు చెంబెడు నీళ్ళు చిలకరించండి. తడిసిన తర్వాత దుమ్ము లేవదు. అప్పుడు మట్టిలో కలుపుకోండి.